గంటలకు లెక్క, మైళ్లకు కూలి

అమెరికా సంయుక్త రాష్ట్రములలో లారీ డ్రైవరులు కొన్ని యేండ్లుగా తమలో తాము ఒక వివాదము నడుపుచున్నారు. దూరప్రయాణములు చేయు లారీలన్నిటిలో ఒక ఎలక్ట్రానిక్ యంత్రమును అమర్చి తీరవలెనని ఆ దేశపు ప్రభుత్వము విధించిన శాసనము 2017 డిసెంబరు 18వ తేదీన అమలునకు వచ్చెను. ఈ యంత్రము ఇంజనుతో ముడివడి యుండును. చక్రము కదలినంతనే డ్రైవరు బండి నడుపుచున్నాడని వ్రాసికొనును. ఆ నడపిన కాలమును తగ్గించి దిద్దుటకు వీలు లేదు. త్రోవలో పోలీసు అధికారి అడిగినచో క్షణములో చూపవలసినదే. ఈ యంత్రము మేలా కీడా యని డ్రైవరులలో కొందరును, అది యెట్లున్నను కూలిమాట యేమని కొందరును, ఎవని యొడలి యలసట వానికి తెలియదా, యంత్రమెందులకని మరికొందరును వాదించుచున్నారు. మూడు పక్షములందును కొంత నిజమున్నది. అయితే ఈ ముగ్గురును ఎదురెదురుగ నిలిచి వాదించుకొనుచుండగా, వివాదమునకు మూలమైన నాలుగవవాడు, అనగా సరకు దింపు గిడ్డంగి యజమాని, తన అరుగుమీద కూర్చుండి చల్లగా చూచుచున్నాడు. నేడు మేము ముఖ్యముగా వ్రాయబూనినది ఆ నాలుగవవాని గూర్చి.

ఖండాంతరమందలి లారీల గొడవ మనకేల యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. మన ధాన్యము మిల్లునకు చేరుటయు, గుంటూరు మిరప ఉత్తరాదికి పోవుటయు, భీమవరపు చేప బంగాళమునకు పోవుటయు లారీమీదనే గదా. అంతేకాదు. 2021 సెప్టెంబరులో కేంద్ర రోడ్డురవాణా మంత్రి నితిన్ గడ్కరీ, విమానములు నడపువారికి వలెనే లారీ డ్రైవరులకును పనిగంటలు నిర్ణయింపవలెననియు, కునుకుపాటును కనిపెట్టు యంత్రములను బండ్లలో నుంచవలెననియు పలికిరి. మాట వెలువడినది గావున యంత్రము రేపో మాపో రాగలదు. అది మన గడప త్రొక్కకమునుపే, త్రొక్కిన చోట ఏమి జరిగినదో విచారించుట యుక్తము.

డ్రైవరుల పనిగంటలకు హద్దు పెట్టుట అమెరికాలో నిన్న మొన్నటి మాట గాదు. 1935లో మోటారు రవాణా చట్టము పుట్టెను. దానిని బట్టి ఆ దశాబ్దము ముగియకమునుపే గంటల నియమములును, ప్రతి డ్రైవరును దినచర్య పుస్తకము వ్రాసి చూపవలెనను కట్టడియు ఏర్పడెను. తరువాత 1938లో కార్మికులకు కనీసపు కూలియు, నియమిత గంటలకు మించిన పనికి ఒకటిన్నర రెట్ల కూలియు నిచ్చు గొప్ప చట్టము వచ్చినది. అందలి ఒకటిన్నర రెట్ల కూలినుండి లారీ డ్రైవరులను తప్పించిరి. వీరి గంటలను వేఱొక శాఖ చూచుచునే యున్నది గదా యని చెప్పిరి! గంటలను చూచుట యొకటి, ఆ గంటలకు కూలి యిచ్చుట యొకటి. ఈ రెంటిని ఒకటిగా జూపి చేసిన ఆ మినహాయింపు ఎనుబదియేండ్లు దాటినను తొలగలేదు. దానిని తొలగింపవలెనని 2022లో ఒక బిల్లు అమెరికా కాంగ్రెసున ప్రవేశపెట్టబడెను, 2023లో మరల ప్రవేశపెట్టబడెను. రెండు పర్యాయములును అది శాసనము గాలేదు.

ఇక దినచర్య పుస్తకము సంగతి. ఎనిమిది గంటలు నిద్రించితినని కాగితముమీద వ్రాసి, ఆ ఎనిమిది గంటలును బండి నడపినవారు అనేకులు. ఒకటి పోలీసులకు, ఒకటి తమకు అని రెండు పుస్తకములు పెట్టుకొన్నవారును కలరు. ఆ పుస్తకములకు బొమ్మలకథల పుస్తకములని డ్రైవరులే ఎగతాళిపేరు పెట్టిరి. పొలము మొగము చూడకయే అడంగలులో పైరు వ్రాసిన కరణములను ఎఱిగిన మనవారికి ఇది వింతగా తోపదు.

1980 జులై 1వ తేదీన అధ్యక్షుడు కార్టరు చేసిన సంతకముతో లారీ రవాణాపై నున్న పాత కట్టడులు చాలవఱకు సడలిపోయెను. అంతవఱకు కిరాయిరేట్లకును మార్గములకును ప్రభుత్వ నియంత్రణముండెను. సంఘబలము గల డ్రైవరులు మంచి జీతములనే పొందుచుండిరి. పిదప చిన్న కంపెనీలు వేలకొలదిగ దిగెను, కిరాయిలు తగ్గెను, సంఘములు క్షీణించెను. సరకు కొనువారికి దీనివలన మేలు కలిగిన మాట వాస్తవము. ఆ మేలులో కొంత డ్రైవరు నిద్రలోనుండి తీసినదే. మైకేల్ బెల్జర్ అను ఆచార్యుడు 2000లో ప్రకటించిన గ్రంథమున ఈ లారీలను చక్రములమీద నడచు వెట్టిశాలలుగా వర్ణించెను. దూరప్రయాణపు డ్రైవరునకు మైలుకింత యని కూలి కట్టు వాడుక అక్కడ మిక్కుటము. మైలు కదలనిచో కూలి లేదు, లేక పేరునకు మాత్రము కలదు.

నేటి గంటల నియమములు ఇట్లున్నవి. వరుసగా పది గంటలు విశ్రమించిన పిదపనే డ్రైవరు పనికి దిగవలెను. దిగిన క్షణమునుండి పదునాలుగు గంటలలో పదకొండు గంటలు మాత్రమే బండి నడుపవచ్చును. ఎనిమిది గంటలు నడపిన పిదప అరగంట ఆగవలెను. వారమున కింత యని మొత్తపు గంటలకును హద్దు కలదు. చదువుటకు చక్కగానే యున్నవి. చిక్కంతయు ఆ పదునాలుగు గంటలయందున్నది. బండిలోని పడకయందు విశ్రాంతిని రెండు భాగములుగ తీసికొనుటకు 2020లో కొంత సడలింపు కల్పింపబడినది గాని, సామాన్యముగా ఆ గడియారము ఒకసారి కదలిన పిదప నిలువదు. బండి నిలిచినను నిలువదు.

ఉదయము ఆరు గంటలకు బయలుదేరిన డ్రైవరు ఎనిమిదింటికి గిడ్డంగి చేరి, సరకు దింపుటకై ఒంటిగంట వఱకు వరుసలో నిలిచెననుకొందము. ఆ అయిదు గంటలలో మైలు కదలలేదు గనుక కూలి లేదు. గడియారము మాత్రము మొత్తము ఏడు గంటలు మ్రింగివేసినది. మిగిలిన ఏడు గంటలలో దినపు రాబడి సంపాదింపవలెను, రాత్రికి బండి నిలుపుటకు చోటు వెదకికొనవలెను. అతడేమి చేయును? యాక్సిలరేటరు త్రొక్కును. కాగితపు పుస్తకమున్న నాడు ఆ అయిదు గంటలను నిద్రగా వ్రాసికొని, తఱచు నిజముగనే నిద్రించి, చల్లని వేళ తీరికగా నడుపుచుండెను. అబద్ధము వ్రాయుట తప్పే. అలసట తీర్చుకొనుటయు నిజమే. యంత్రము అబద్ధమును తీసివేసినది, దానితో పాటు ఆ కునుకును తీసివేసినది.

ఇవి మా యూహలు గావు. 2018లో అమెరికా రవాణాశాఖ తనిఖీ కార్యాలయము ఒక నివేదికను ప్రకటించెను. గిడ్డంగుల వద్ద సగటు నిరీక్షణము పదునైదు నిమిషములు పెరిగినచో ప్రమాదముల రేటు నూటికి 6.2 వంతున పెరుగగలదని అందు లెక్క కట్టిరి. కిరాయి లారీల డ్రైవరులు ఈ నిరీక్షణమువలన ఏటేట కోలుపోవు ఆదాయము 110 కోట్ల డాలర్ల మొదలు 130 కోట్ల డాలర్ల వఱకు నుండునని తేల్చిరి. యంత్రములు అమర్చిన పిదప ఏమి జరిగెనో విశ్వవిద్యాలయ పరిశోధకులును పరిశీలించిరి. గంటల నియమమును ఉల్లంఘించుట స్పష్టముగా తగ్గినది, ప్రమాదములు మాత్రము తగ్గినట్లు కానరాలేదు, చిన్న కంపెనీల డ్రైవరులలో అతివేగము వంటి తప్పులు పెరిగినవి. శాసనకర్తలు కోరినది మొదటిది మాత్రమే యైనచో వారు కృతార్థులే.

భూమిగలవారికి దీనిని విడమరచి చెప్పనక్కఱలేదు. నాట్లు గుత్తకిచ్చినపుడు ముఠా ఎప్పుడు మడిలో దిగినది, ఎప్పుడు గట్టెక్కినది యని మనము గడియారము పట్టుకొని కూర్చుండము. దినకూలికి పెట్టినపుడు కుంటలు కొలిచి కూలి కోయము. గుత్తకు పిలిచి, మడికి నీరు పెట్టక, కూలీలను మధ్యాహ్నము వఱకు గట్టున కూర్చుండబెట్టి, ప్రొద్దు గ్రుంకకమునుపే ముగించి తీరవలెనని హుకుము చేసినచో ఏ మేస్త్రి యూరకుండును? కూర్చున్న పూటకు దండుగ అడిగి వసూలు చేయును. అమెరికా డ్రైవరునకు అడుగుటకు మేస్త్రి లేడు. గుత్తలోని నష్టమును, దినకూలిలోని కట్టడిని కలిపి ఒకే మనిషి నెత్తిన నుంచినారు.

డ్రైవరులలోని మూడు పక్షములను కొంచెము విచారింతము. యంత్రము వలదను వారిలో సొంతబండి గల పాతకాపులు హెచ్చు. బండి మాకు పనిచోటు మాత్రమే గాదు, రాత్రులు నిద్రించు ఇల్లును అదియే, అందు ప్రభుత్వపు కన్ను పెట్టుట పౌరుని స్వేచ్ఛకు భంగమని వారి వాదము. వారు కోర్టులకెక్కిరి. 2011లో ఒక నియమమును అప్పీలు కోర్టు కొట్టివేసెను. యజమానులు ఈ యంత్రమును డ్రైవరులను వేధించుటకు వాడకుండ ఏర్పాటు లేదనుటయే అందులకు కారణము. 2015లో వేధింపును నిషేధించుచు మరల వ్రాసిన నియమమును అదే కోర్టు 2016లో నిలిపెను. 2017లో సుప్రీము కోర్టు విచారణకు నిరాకరించెను. ఆ యేటి చివర పలు పట్టణములలో డ్రైవరులు నిరసనలు సలిపిరి గాని ఫలము లేకపోయెను.

రెండవ పక్షమువారు యంత్రమును మెచ్చుకొందురు. వీరు ఎక్కువగా పెద్ద కంపెనీలలో జీతగాండ్రు. పూర్వము ఆఫీసులో కూర్చుండి బండ్లు పంపువాడు, ఇంకొక మూడువందల మైళ్లు లాగుము, పుస్తకములో ఏదో వ్రాయుమని ఒత్తిడి చేసినచో కాదనుటకు వీలులేకుండెను. ఇప్పుడు గంటలు చెల్లినవని యంత్రమే చెప్పును. కాదనుటకు ధైర్యము చాలని పేదవానికి అది గొప్ప అండ. మొదటి పక్షమువారు ఈ మాటకు సరియైన సమాధానము చెప్పినట్లు మేమెఱుగము. కాగితపు పుస్తకమందలి స్వేచ్ఛ సొంతబండివానికి స్వేచ్ఛయే. జీతగానికి మాత్రము అది యజమాని అబద్ధమును తన చేతివ్రాతతో మోయుట. ఈ కారణముచేతనే యంత్రమును తీసివేయవలెనను వారితో మేము ఏకీభవింపజాలము.

ఇక్కడ ఒక చిన్నమాట. పశువులను, తేనెటీగలను మోయు లారీలకు ఈ యంత్రపు నిర్బంధము నుండి అమెరికా కాంగ్రెసు ఏటేటి వ్యయపు చట్టములలో మినహాయింపు నిచ్చుచు వచ్చినది. గంటలు చెల్లినవని ఎండలో బండి నిలిపినచో పశువులు సొమ్మసిల్లును, తేనెటీగలు చచ్చును. ఇది దయగల ఏర్పాటే. పశువు లోపల నిలువలేదని ఎఱిగిన శాసనకర్తలకు బయట నిలిచిన మనిషి సంగతి తోచకపోవుట చింత్యము.

మూడవ పక్షము సొంత బాధ్యత పక్షము. నా కన్ను మూతలు పడుచున్నదో లేదో నాకు తెలియును, అలసినపుడు ఆగుదును, అలయనపుడు నడుపుదును, గడియారము చెప్పినపుడు నిద్రపట్టునా యని వీరందురు. ఇందును నిజమున్నది. అయితే కన్ను మూతపడుచున్నదని తెలిసినపుడెల్ల మనిషి ఆగునా? 2014 జూనులో న్యూజెర్సీ రాజమార్గమున జరిగిన ఒక ప్రమాదమును చూడుడు. ఒక పెద్ద కంపెనీ లారీ ముందుపోవుచున్న బండిని గ్రుద్దగా ఒకడు మరణించెను, ప్రసిద్ధుడైన ఒక హాస్యనటుడు తీవ్రముగా గాయపడెను. జాతీయ రవాణా భద్రతా మండలివారు విచారించి తేల్చినదేమన, ఆ డ్రైవరు అప్పటికి ఇరువదియెనిమిది గంటలుగా మేలుకొని యున్నాడు. మరమ్మతులు జరుగుచున్న చోట గంటకు 45 మైళ్లకు మించరాదని హెచ్చరిక యుండగా 65 మైళ్ల వేగమున పోవుచున్నాడు. అతని పనిలెక్కలో అప్పటికి పదమూడున్నర గంటలు మాత్రమే గడచినవి. నియమము పదునాలుగు. లెక్క చూచినచో తప్పులేదు! పనికి దిగకమునుపు జార్జియాలోని తన యింటినుండి డెలావేరులోని కంపెనీ స్థలమునకు రాత్రంతయు సొంతకారులో ఎనిమిదివందల మైళ్లు వచ్చినాడు. ఆ రాత్రి ఏ లెక్కలోను లేదు.

కావున యంత్రము ఎన్నడును మనిషి మనస్సాక్షికి బదులు నిలువలేదు. నిద్రలేక పనికి వచ్చితినని చెప్పవలసినవాడు ఆ డ్రైవరే. చెప్పకపోవుట అతని దోషమే, దానిని కంపెనీ మీదనో నియమము మీదనో త్రోయుట ధర్మము గాదు. బాధ్యత యను మాటను డ్రైవరులు తమంతట తాము పలికినపుడు మేము గౌరవింతుము.

అదే మాట కంపెనీలవారి నోటినుండి వచ్చినపుడు మాత్రము కొంచెము నిదానించి వినవలెను. అక్కడ చాల కంపెనీలు తమ బండినే డ్రైవరునకు వాయిదాలమీద అంటగట్టి, నీవు మా నౌకరవు గావు, స్వతంత్రుడవైన కాంట్రాక్టరువని పేరుపెట్టును. డీజిలు, భీమా, మరమ్మతులు, వాయిదా సొమ్ము అన్నియు వాని కిరాయిలోనుండి విఱిగిపోవును. వారమంతయు నడపి చివరకు కంపెనీకే బాకీపడిన డ్రైవరుల కథలు అక్కడి గ్రంథములలో కలవు. ఇట్టి కాంట్రాక్టరు తెచ్చిన ఒక దావాలో 2019 జనవరిలో అమెరికా సుప్రీముకోర్టు, పేరు ఏదైనను ఇతడు పని చేయువాడేయని గుర్తించి, ఇతనిని కోర్టుకు రానీయక మధ్యవర్తుల వద్దకే పంపుటకు కంపెనీకి హక్కు లేదని ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను. ప్రభుత్వమే నియమించిన ఒక సంఘము 2025 జనవరిలో ఈ వాయిదా పద్ధతిని నిషేధింపవలెనని సిఫారసు చేసెను. స్వతంత్రుడని పేరుపెట్టి నష్టమును మాత్రము అప్పగించుట మన కౌలుదారుల కథలోను ఎఱిగినదే. కాలువ నీటిపై పెత్తనము లేని కౌలుదారును పైరు ఎండినందుకు శిక్షించినట్లు, తాను నిర్ణయింపని వేళకు, తాను నిర్ణయింపని కిరాయికి, తాను త్వరపెట్టలేని గిడ్డంగి వద్ద నిలిచినవానికి పూర్ణబాధ్యతను అంటగట్టుట న్యాయము గాదు.

యూరపు దేశములు ఈ దారిలో ముందే నడచినవి. అక్కడ లారీవేగమును, కాలమును గీతలుగా వ్రాయు టాకోగ్రాఫు అను యంత్రము 1970 నాటి కట్టడితోనే బయలుదేరినది. బ్రిటిషు డ్రైవరులు దానిని క్యాబులోని గూఢచారి యని దూషించిరి. వారి ప్రభుత్వమును దానిని నిర్బంధముగా పెట్టుటకు వెనుదీసెను. 1979లో యూరపు న్యాయస్థానము తప్పుపట్టిన పిదపనే లొంగెను. ఇప్పుడు అక్కడ సామాన్యముగా దినమునకు తొమ్మిది గంటలు నడపుటయు, నాలుగున్నర గంటల కొకసారి ముప్పావుగంట ఆగుటయు నియమము. మేము మెచ్చునది ఈ గంటలను గాదు. 2006 నాటి యూరపు శాసనములోని పదవ నిబంధనను. పోయిన దూరమును బట్టిగాని, మోసిన సరకును బట్టిగాని, రోడ్డు భద్రతకు చెఱుపు కలుగు విధముగ డ్రైవరునకు కూలియైనను బహుమానమైనను ఈయరాదని అది శాసించుచున్నది. డ్రైవరు చేసిన ఉల్లంఘనకు కంపెనీయు ఉత్తరవాదియేయని చెప్పుచున్నది. సరకు పంపువారు సయితము, తాము ఒప్పుకొనిన వేళలు ఈ నియమములకు లోబడియుండునట్లు చూచుకొనవలెనని విధించుచున్నది. అనగా నాలుగవవానిని అరుగుమీదినుండి దింపి ముగ్గురి నడుమ నిలిపినది. అమలులో లోపములు లేవని చెప్పము. యంత్రమును అయస్కాంతముతో మోసగించినవారు అక్కడను పట్టుబడిరి. అయినను గంటలను కొలుచు చేతితోనే కూలిని కూడ చూడవలెనను తెలివి ఆ శాసనమున కలదు.

ఈ సంస్కరణము సులభమని పాఠకులను భ్రమింపజేయుట మా యుద్దేశము గాదు. ఆస్ట్రేలియావారు రోడ్డు భద్రతకును కూలికిని గల సంబంధమును అంగీకరించి 2012లో ఒక ప్రత్యేక న్యాయమండలిని నెలకొల్పిరి. అది సొంతబండి డ్రైవరులకు కనీస కిరాయిని నిర్ణయింపగా, ఈ రేటునకు మాకు పని ఎవరిత్తురని ఆ డ్రైవరులలోనే అనేకులు గగ్గోలు పెట్టిరి. 2016లో ఆ మండలియే రద్దయ్యెను. అయితే సరకు ఎక్కించు స్థలపు అధికారి మొదలు అందరిపైనను బాధ్యతను మోపు వేఱొక శాసనము ఆ దేశమున నిలిచియున్నది.

ఇక మన సంగతి. మన దేశమున డ్రైవరుల గంటలకు శాసనము లేదని ఎవరైన ననుకొన్నచో పొరపాటు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు ఎనిమిది గంటలని, వారమునకు నలుబదియెనిమిది గంటలని నిర్ణయించెను. దూరపు మార్గములలో అధికారుల అనుమతితో పది గంటల వఱకు, వారమునకు ఏబదినాలుగు గంటల వఱకు సడలించెను. 2025 నవంబరులో ఆ చట్టము నూతన కార్మిక స్మృతిలో కలిసిపోయినది. అరువదియేండ్లకు పైబడి ఇది కాగితముపై వెలిగినది. అమెరికా నియమముకంటె మెత్తనిది, ఉదారమైనది. అయిదుగురు పనివారైనను లేని సంస్థలకు అది వర్తింపలేదు. మనవారిలో ఒక్కటి రెండు లారీల యజమానులే బహుళము. ట్రిప్పున కింత యని, దినబత్తా యింత యని కుదుర్చుకొని విజయవాడ నుండి వారణాసికి బయలుదేరిన డ్రైవరును, నీవు నేడు ఎన్ని గంటలు నడపితివని అడిగిన అధికారి యెవడు? అడిగినను ఆ ప్రశ్న వెనుక జేబు ప్రశ్నయే యుండునని డ్రైవరు నమ్మకము.

మన చోద్యమింకొకటి. మనిషి గంటలను లెక్కించు యంత్రము మనకు లేదు గాని సరకు గంటలను లెక్కించు యంత్రము కలదు. 2018 ఏప్రిలు నుండి ఈ-వే బిల్లు వచ్చినది. 2021 జనవరి నుండి రెండువందల కిలోమీటర్లకు ఒక దినమని దానికి గడువు. రెండువందలు గొప్పదూరము గాదు, అది డ్రైవరును తరుముచున్నదని మేమనము. కాని సరకు ఎప్పుడు బయలుదేరినది, ఎప్పటికి చేరవలెనని పన్నుశాఖకు నిమిషములతో తెలియును. టోలుగేటు దాటిన వేళ ఫాస్టాగులో పడును. 2018లోనే నేషనల్ పర్మిటు లారీకి ఇద్దరు డ్రైవరులుండి తీరవలెనను పాత నిబంధన తొలగింపబడెను. రెండవ డ్రైవరు దిగిపోయినాడు, బండి అద్దముమీద చీటి యెక్కినది. మిగిలిన ఒక్కడు ఎంతసేపు మేలుకొని యున్నాడో ఏ చీటియు చెప్పదు.

ఇట్లుండగా శిక్షమాత్రము ముందు వచ్చినది. ప్రమాదము చేసి, పోలీసులకుగాని మేజిస్ట్రేటునకుగాని తెలుపక పారిపోయి, మనిషి మరణమునకు కారకుడైన డ్రైవరునకు పదేండ్ల వఱకు జైలు విధించు నిబంధనను 2023 నాటి భారతీయ న్యాయ సంహితలో చేర్చిరి. 2024 జనవరి మొదటి దినములలో డ్రైవరులు బండ్లు నిలిపివేసిరి. హైదరాబాదులో పెట్రోలు బంకుల వద్ద మనవారు బారులు తీరి నిలిచిన సంగతి పాఠకులు మఱచియుండరు. ప్రభుత్వము తగ్గి, చర్చించిన పిదపనే అమలు పఱతుమని చెప్పినది. 2024 జులై 1న సంహిత అమలునకు వచ్చినపుడు ఆ ఉపనిబంధనను నిలిపియుంచిరి. పారిపోవుట నీచము. నెత్తురు మడుగులో మనిషిని విడిచిపోయిన వానిని సమర్థించుటకు మేము కలము పట్టలేదు. నిలిచినచో గుంపు కొట్టి చంపునని డ్రైవరు చెప్పుకొను మాటయు అబద్ధము గాదు. కాని ఎన్ని గంటలుగా మేలుకొని యున్నాడని అడుగని ప్రభుత్వము, ఎన్నేండ్లు జైలులో నుండవలెనో మాత్రము ముందుగా లెక్కించుకొనుట తలక్రిందుల పద్ధతి. 2025 అక్టోబరు నుండి తయారగు పెద్ద లారీల క్యాబులలో చల్లయంత్రము నిర్బంధము చేసిరి. అది మంచిపని, మెచ్చుకొందము. చల్లగాలిలో నిద్ర మరింత సులభముగ వచ్చునని డ్రైవరులు పరిహాసమాడుటయు కద్దు.

యంత్రము రానిండు. వచ్చునపుడు అది వ్రాసిన గంటలే కూలికిని లెక్కగా చెల్లవలెను. నడపిన గంట, నిలిచిన గంట అను భేదములేక గంటకు కనీసపు కూలి కట్టవలెను. ట్రిప్పు కూలియు బత్తాయు దానిపై అదనముగ నుండిన నుండవచ్చును. గిడ్డంగి గేటు వద్ద లారీ వచ్చిన వేళయు, విడిచిన వేళయు యంత్రమే వ్రాయవలెను. రెండు గంటలు మించిన నిరీక్షణమునకు సొమ్ము గిడ్డంగివాడు కట్టవలెను, లారీ యజమాని గాదు. ఏలయన, త్వరపెట్టగల శక్తి వానియొద్దనే యున్నది. దీనివలన కిరాయిలు పెరుగునని వ్యాపారులు చెప్పుదురు. కొంత పెరుగును. ఇప్పుడు ఆ సొమ్మును కట్టువాడు లేడనుకొనుట భ్రాంతి. డ్రైవరు కట్టుచున్నాడు, అప్పుడప్పుడు రాత్రివేళ రోడ్డుప్రక్క నడచిపోవు పల్లెవాడు కట్టుచున్నాడు.

ఢిల్లీలో శాసనము పుట్టువఱకు మనము కాచుకొని కూర్చుండనక్కఱలేదు. మన పాఠకులలో మిల్లు యజమానులు, కోల్డుస్టోరేజి యజమానులు, కమిషను వ్యాపారులు కలరు. మిరప కాలములో గుంటూరు యార్డు చుట్టును లారీలు ఎంతసేపు నిలుచునో వారికి మాకంటె బాగుగా తెలియును. వచ్చు కోతలనుండి ప్రతి సరకు చీటిమీదను రెండు గళ్లు గీయించుకొనుడు. ఒకదానిలో లారీ గేటు చేరిన వేళ, రెండవదానిలో గేటు విడిచిన వేళ మీ గుమాస్తాచేత వ్రాయించి, డ్రైవరుచేత సంతకము చేయించుడు. నెల తిరిగిన పిదప ఆ చీటీలను ముందుంచుకొని ఆ రెండు గళ్ల నడుమనున్న గంటలను ఒకసారి కూడి చూడుడు.